రాగి ఎక్కడికీ పోదు: సంశ్లిష్ట సమ్మేళనం దిగుబడి లెక్కలో తప్పు ఎక్కడ పడుతుంది

వరి నూర్చాక దిగుబడి ఎంతని అడిగితే కోనసీమలో ఎవరైనా బస్తాల్లోనే చెబుతారు. 75 కిలోల బస్తాలు, ఎకరాకు ఇన్ని అని. ఆ అంకె చెవిన పడగానే ఎదుటివారు అడిగే మాట ఒకటుంది: "పచ్చి మీద తూచారా, ఆరబెట్టాకా?" గింజలో తేమ తెలియకుండా బస్తాల లెక్కకు విలువ లేదని అరెకరం కౌలు చేసేవారికి కూడా తెలుసు. కొనుగోలు కేంద్రంలో తేమ మీటరు 17 శాతం దగ్గర గీత గీస్తుంది. అదే ఇంటి పిల్ల డిగ్రీ కాలేజీలో రాగి సంశ్లిష్టం (రాగి చుట్టూ వేరే అణువులు అతుక్కుని ఉన్న సమ్మేళనం) తయారుచేసి, వడగట్టి, తూచి, రికార్డులో దిగుబడి రాసేటప్పుడు మాత్రం ఇంట్లో ఏటా వినే ఆ ప్రశ్న గుర్తుకు రాదు.

గోదావరి పాయల మధ్య ఉన్న ఒక కాలేజీలో చాలా ఏళ్లు కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ చెప్పాను. ఒక జూలై మధ్యాహ్నం, బయట ముసురు పట్టి ఉంది. రెండో సంవత్సరం అమ్మాయి ఒకతె స్ఫటికాలున్న చిన్న గాజు పళ్లెం, అదే వాచ్‌గ్లాస్ పట్టుకుని నా బల్ల దగ్గరకు వచ్చింది. "సార్, నాకు నూటనాలుగు శాతం వచ్చిందండి. మూడుసార్లు వేశానండి, తప్పు దొరకట్లేదు" అంది. నిజంగానే ఆమె లెక్కలో తప్పు లేదు. పక్క బల్ల దగ్గర అబ్బాయికి 54 శాతమే వచ్చింది. అతని స్ఫటికాలు చూస్తే ఆమెవాటికంటే పొడిగా, శుభ్రంగా ఉన్నాయి. అతని లెక్కలో ఒక్క అంకె తప్పు. ఈ ఇద్దరి కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చదివితే సైద్ధాంతిక దిగుబడి గురించి తెలుసుకోవలసిందంతా దాదాపుగా అందులోనే దొరుకుతుంది.

సైద్ధాంతిక దిగుబడి అంటే ఏమిటి? మనం తీసుకున్న పదార్థం రవ్వంత కూడా వృథా పోకుండా, మొత్తం మనకు కావలసిన పదార్థంగా మారితే ఎంత బరువు రావాలో ఆ బరువు. చేతికి వచ్చిన బరువును దానితో భాగించి వందతో హెచ్చవేస్తే దిగుబడి శాతం. నిర్వచనం ఇంతే, అందులో తికమక లేదు. సీసాలో ఉన్నది సరిగ్గా ఏమిటి, వాచ్‌గ్లాస్‌లో ఉన్నది సరిగ్గా ఏమిటి అన్న రెండు ప్రశ్నల దగ్గరే చిక్కంతా. పిల్లలకు నేను చెప్పేది ఒక్కటే: లోహం వెంట నడవండి. స్ఫటికంలోకి నీరు వస్తుంది, పోతుంది. అమ్మోనియా వస్తుంది, పోతుంది. రాగి మాత్రం రాగిగానే ఉంటుంది. గుడ్డకు అంటినా, వడపోత నీటిలో కలిసినా అది రాగే.

నలుగురు దిగి నలుగురు ఎక్కారు

కొబ్బరి తోట ఉన్న ఇంటికి మైలుతుత్తాన్ని పరిచయం చేయనక్కర్లేదు. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, వంద లీటర్ల నీరు కలిపితే ఒక శాతం బోర్డో మిశ్రమం. ఆ నీలి పలుకులే లేబొరేటరీలో కాపర్ సల్ఫేట్. వాటిని కొద్ది నీటిలో కరిగించి గాఢ అమ్మోనియా ద్రావణం చుక్కచుక్కగా పోస్తే ముందు లేత నీలం రంగులో పిండిలాంటి అవక్షేపం వస్తుంది. ఆపకుండా పోస్తూ ఉంటే అది కరిగిపోయి ద్రావణమంతా ఒక్కసారిగా నెమలికంఠం రంగుకు తిరుగుతుంది. ఎన్ని వందలసార్లు చూసినా ఆ క్షణం నాకు పాతబడలేదు. దాని మీద ఆల్కహాల్ నెమ్మదిగా పోసి కదపకుండా ఉంచితే ముదురు నీలం సూదులు దిగుతాయి. వాటి పేరు టెట్రా అమ్మీన్ కాపర్ సల్ఫేట్ మోనోహైడ్రేట్.

పేరు పొడవుగా ఉన్నా అది అచ్చంగా ఒక జాబితా. నాలుగు అమ్మోనియాలు, ఒక రాగి, ఒక సల్ఫేట్, ఒక నీరు. మొదలుపెట్టిన మైలుతుత్తం కూడా ఒక జాబితానే: ఒక రాగి, ఒక సల్ఫేట్, ఐదు నీళ్లు. ఇలాంటి సమ్మేళనాల్లో లోహం చుట్టూ ఎవరెవరు అతుక్కుని ఉన్నారో, ఎవరు బయట ఉన్నారో వేరుచేసి చూడాలని 1893లో ఆల్‌ఫ్రెడ్ వెర్నర్ చెప్పాడు. అందుకు 1913లో నోబెల్ బహుమతి వచ్చింది. మైలుతుత్తం స్ఫటికంలో ఐదు నీళ్లూ ఒకలాంటివి కావు. నాలుగు రాగిని పట్టుకుని ఉంటాయి, ఐదోది సల్ఫేట్ పక్కన ఉంటుంది. అమ్మోనియా వచ్చినప్పుడు జరిగేది సఖినేటిపల్లి రేవులో పంటు (జనాన్ని ఏరు దాటించే పడవ) ఒడ్డుకు ఆనినప్పుడు జరిగేదే. నలుగురు దిగారు, నలుగురు ఎక్కారు. పంటు అదే. రాగి అదే, సల్ఫేట్ అదే, చివరికి స్ఫటికంలో ఒక నీరూ మిగిలింది.

ఇప్పుడు బరువులు వేసుకుందాం. రాగి 63.55, సల్ఫేట్ 96.06, నీరు 18.02, అమ్మోనియా 17.03. మోల్ అంటే డజనులా అణువులను లెక్కపెట్టే కొలత. మైలుతుత్తం మోల్ ఒక్కింటికి 249.71 గ్రాములు. మన నీలం సూదులు మోల్ ఒక్కింటికి 245.75 గ్రాములు. దిగిన నాలుగు నీళ్ల బరువు 72.08, ఎక్కిన నాలుగు అమ్మోనియాల బరువు 68.12, తేడా 3.96. రెండు మొత్తాల మధ్య తేడా కూడా సరిగ్గా అంతే. ఒక రాగికి ఒక రాగి కాబట్టి మోల్‌కు మోల్. 5 గ్రాముల మైలుతుత్తం తీసుకుంటే, 5 భాగించు 249.71, అంటే 0.02002 మోల్‌లు. దాన్ని 245.75తో హెచ్చవేస్తే 4.92 గ్రాములు. ఇదే సైద్ధాంతిక దిగుబడి.

ఈ లెక్కకు నోటితో వేసుకునే సరిచూపు కూడా ఉంది. దిగినవాళ్లూ ఎక్కినవాళ్లూ దాదాపు సమాన బరువు గనుక, వచ్చేది వేసినదానికి 98.4 శాతం మించదు. ఐదు గ్రాములు వేసి ఐదు గ్రాములకంటే ఎక్కువ తూగితే, కాలిక్యులేటర్ తీయకముందే ఎక్కడో తేడా ఉందని తెలిసిపోవాలి. ఆ అబ్బాయి 5 గ్రాములు వేసి 7.70 గ్రాములు రావాలని రాసుకున్నాడు. అతనికి వచ్చింది 4.2 గ్రాములు. 54.5 శాతం. 7.70 ఎక్కడి నుంచి వచ్చింది? పాఠ్యపుస్తకం వెనక పట్టికలో కాపర్ సల్ఫేట్ పక్కన 159.6 అని ఉంది. అది నీరు లేని కాపర్ సల్ఫేట్ బరువు. సీసా మీద పెంటాహైడ్రేట్, అంటే ఐదు నీళ్లున్నది అని రాసి ఉంది. అతను పుస్తకాన్ని నమ్మి, సీసాను చూడలేదు. సీసా మీద ఏమీ రాయకపోయినా రంగు చెబుతుంది. నీరు లేని కాపర్ సల్ఫేట్ తెల్లటి పొడి. నీలంగా ఉందంటే నీళ్లున్నాయి. సరైన బరువుతో వేస్తే అతని దిగుబడి 4.2 భాగించు 4.92, అంటే 85 శాతం. చక్కటి పని చేసిన పిల్లవాడు ఒక్క అంకె వల్ల నా పని బాగాలేదు అనుకుని వారం రోజులు తిరిగాడు. నాకు ఇప్పటికీ బాధ కలిగించేది అదే.

దీనికి తోబుట్టువు లాంటి తప్పు ఇంకొకటి ఉంది. సీసాలోని ఐదు నీళ్లు లెక్కేసి, తయారైనదానిలోని ఒక్క నీటిని మరిచిపోవడం. అప్పుడు మోల్ బరువు 227.73, సైద్ధాంతిక దిగుబడి 4.56 గ్రాములు, శాతం 92. ఈ తప్పే నన్ను ఎక్కువ భయపెడుతుంది. 54 చూస్తే ఎవరైనా ఆగి చూస్తారు. 92 చూసి ఎవరూ అనుమానించరు.

స్ఫటిక జలం లెక్క లేబొరేటరీ గోడల మధ్యే ఉంటుందనుకోవద్దు. దమ్ములో జింక్ సల్ఫేట్ వేసే రైతు ఎరువుల కొట్టుకు వెళితే రెండు రకాలు కనిపిస్తాయి. ఏడు నీళ్లున్న హెప్టా రకం సంచి మీద 21 శాతం జింక్ అని, ఒక నీరున్న మోనో రకం మీద 33 శాతం అని ఉంటుంది. ఎకరాకు 20 కిలోల హెప్టా వేయాలనుకున్నవారు మోనో కొంటే 12.7 కిలోలు చాలు. మనం వరికి వేసేది జింకును. సంచిలో మిగతాది సల్ఫేటు, నీరు. అదే కొట్టులో ఆకుల మీద పిచికారీకి చిలేటెడ్ జింక్ పొట్లాలు అమ్ముతారు. 12 శాతం జింక్ అని రాసి ఉంటుంది. అది అచ్చమైన సంశ్లిష్ట సమ్మేళనం. ఈడీటీఏ అనే పెద్ద అణువు ఎండ్రకాయ కాళ్లతో పట్టినట్టు జింకును ఆరు చోట్ల పట్టుకుని ఉంటుంది. పట్టినది పెద్దది కాబట్టి లోహం వంతు తగ్గింది. మూడు సంచుల్లోనూ ధర పోల్చవలసింది జింక్ కిలోకి ఎంత పడుతోందని. మా క్లాసులో రైతు పిల్లలకు మోల్ భావన ఒంటబట్టింది ఈ సంచుల దగ్గరే.

కాలువ నీరు తేల్చే లెక్క

సార్వాకు, అంటే తొలి పంటకు, వానలుంటాయి. దాళ్వా, అంటే రెండో పంట, వచ్చేసరికి పొలం ఉంటుంది, విత్తనం ఉంటుంది, ట్రాక్టరు ఉంటుంది. ఎన్ని ఎకరాలు నాటాలో తేల్చేది ధవళేశ్వరం ఆనకట్ట నుంచి కాలువకు వదిలే నీరు. నీళ్లు తక్కువైన ఏడాది మిగతావన్నీ ఎన్ని ఉన్నా ఒక్క ఎకరం పెరగదు. రసాయన చర్యలో అలా ముందుగా అయిపోయి, మిగతావాటిని ఆపేసే పదార్థాన్ని పరిమిత కారకం అంటారు. సైద్ధాంతిక దిగుబడిని ఎప్పుడూ దాని మీదే కట్టాలి.

రాగి విషయంలో అమ్మోనియా కావాలనే ఎక్కువ పోస్తాం కాబట్టి రాగే పరిమిత కారకం అని అందరూ అలవాటుగా రాసేస్తారు. ఎక్కువే పోశామని నమ్మకమేమిటి? 0.02002 మోల్‌ల రాగికి దానికి నాలుగు రెట్లు, 0.0801 మోల్‌ల అమ్మోనియా కావాలి. సీసా మీద 25 శాతం, సాంద్రత 0.91 అని ఉందనుకుందాం. 10 మిల్లీలీటర్లు అంటే 9.1 గ్రాముల ద్రావణం, అందులో నాలుగో వంతు 2.28 గ్రాముల అమ్మోనియా, 0.134 మోల్‌లు. కావలసినదానికి ఒకటిన్నర రెట్ల పైనే. బరువుల్ని బట్టి చూస్తే అమ్మోనియా 2.28 గ్రాములే, మైలుతుత్తం 5 గ్రాములు. తక్కువ తూగేది ముందు అయిపోతుందనుకుంటే ఇక్కడ బోర్లాపడతాం. అమ్మోనియా అణువు తేలిక, అందుకే కొద్ది బరువులోనే బోలెడన్ని ఉంటాయి. పోల్చవలసింది మోల్‌లను, అదీ సమీకరణం అడిగిన నిష్పత్తితో భాగించాక.

ఇంకో మాట. సీసా మీద 25 శాతం అని ఉన్నంత మాత్రాన లోపల అంత ఉండదు. రోహిణి కార్తె ఎండలకు వేడెక్కిన గదిలో, రోజుకు పదిమంది మూత తీసిన అమ్మోనియా సీసా నెలనెలకూ పలచబడుతుంది. ముక్కుపుటాలు అదరగొట్టే ఘాటు తగ్గిందంటే అందులో సరుకు తగ్గిందనే. 10 మిల్లీలీటర్లు పోసినా లేత నీలం పిండి అడుగున మిగిలి ఉంటే, కరిగేదాకా మరికొంత పోయాలి తప్ప అలాగే ఆల్కహాల్ పోయకూడదు. లేకపోతే రెండూ కలిసి దిగి, తూకం ఏదో ఒకటి వస్తుంది, ఆ తూకానికి పేరు ఉండదు.

అలవాటును నమ్మకుండా లెక్కించాలన్నది ఇనుము సంశ్లిష్టం దగ్గర ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. పొటాషియం ట్రిస్ ఆక్సలేటో ఫెర్రేట్, మూడు నీళ్ల స్ఫటికం. పచ్చరాయిలా మెరిసే ఆకుపచ్చ. ముందు మోర్ లవణం (ఇనుము, అమ్మోనియం కలిసిన సల్ఫేట్) ద్రావణంలో ఆక్సాలిక్ ఆమ్లం కలిపి వేడిచేస్తే పసుపుపచ్చని ఫెర్రస్ ఆక్సలేట్ అడుగుకు దిగుతుంది. దాన్ని కడిగి, పొటాషియం ఆక్సలేట్ ద్రావణంలో వేసి, 40 డిగ్రీల వేడి దాటనీయకుండా హైడ్రోజన్ పెరాక్సైడ్ చుక్కలుగా వేస్తారు. ఇనుము ఆక్సీకరణం చెందుతుంది. కొంత గోధుమరంగు హైడ్రాక్సైడ్ కూడా పుడుతుంది. తర్వాత మరిగించి, ఇంకాస్త ఆక్సాలిక్ ఆమ్లం వేస్తే అదీ కరిగి ద్రావణమంతా ఆకుపచ్చగా తేటపడుతుంది.

ఇన్ని పదార్థాలు చూసి పిల్లలు కంగారుపడతారు. సమీకరణం మొత్తం తూకం వేయనక్కర్లేదు. తయారైన స్ఫటికంలో ఒక ఇనుము, మూడు పొటాషియంలు, మూడు ఆక్సలేట్లు, మూడు నీళ్లు. మోల్ బరువు 491.24. ఒక్కొక్కటి ఎక్కడి నుంచి రాగలదో అడగండి. ఆక్సలేట్ మూడు చోట్ల నుంచి వస్తుంది, సాధారణంగా దానికి కొదవ ఉండదు. ఇనుము మోర్ లవణం నుంచి మాత్రమే వస్తుంది. పొటాషియం, పొటాషియం ఆక్సలేట్ నుంచి మాత్రమే వస్తుంది. కాబట్టి లెక్కించవలసింది ఈ రెండింటినే.

మోర్ లవణం 5 గ్రాములు తీసుకున్నామనుకుందాం. 392.14తో భాగిస్తే 0.01275 మోల్‌ల ఇనుము. పొటాషియం ఆక్సలేట్ ఒక నీటి స్ఫటికం, మోల్ 184.23 గ్రాములు, 3.5 గ్రాములు తీసుకుంటే 0.0190 మోల్‌లు. ఒక్కో దానిలో రెండు పొటాషియంలు, అంటే 0.0380. స్ఫటికానికి మూడేసి కావాలి, మూడుతో భాగిస్తే 0.01267. ఇనుముకంటే ఒక వెంట్రుకవాసి తక్కువ. ఇనుము మీద కడితే 6.26 గ్రాములు, పొటాషియం మీద కడితే 6.22. అందరూ ఇనుము సంశ్లిష్టం కదా అని ఇనుము మీదే కడతారు. ఇక్కడ పరిమిత కారకం పొటాషియం. తేడా 0.04 గ్రాములే కదా అనిపిస్తుంది. అదే తూకంలో పొరపాటున పొటాషియం ఆక్సలేట్ 3 గ్రాములే పడిందనుకోండి. అప్పుడు గరిష్ఠంగా వచ్చేది 5.33 గ్రాములు. 4.8 గ్రాములు వచ్చిన విద్యార్థి ఇనుము మీద కడితే 77 శాతం అని రాస్తాడు. అసలు వచ్చింది 90. లోహం వెంట నడవమన్నాను. పొటాషియం కూడా లోహమే, దాన్ని వదిలేసి నడిస్తే దారి తప్పుతాం.

ఈ తయారీలో దశలు రెండున్నాయి గనుక నష్టం కూడా రెండుసార్లు జరుగుతుంది. పసుపు అవక్షేపం దగ్గర నూటికి 95 నిలిచి, ఆకుపచ్చ స్ఫటికాల దగ్గర నూటికి 88 నిలిస్తే మొత్తం మీద మిగిలేది 95, 88ల సగటు కాదు, వాటి లబ్ధం, 83.6. ఆ ఆకుపచ్చ స్ఫటికాలకు వెలుతురు కూడా శత్రువు. కిటికీ పక్కన ఎండ తగిలేలా ఉంచితే ఆక్సలేట్ కొంత కార్బన్ డయాక్సైడ్‌గా పోతుంది, ఇనుము తిరిగి ఫెర్రస్ రూపానికి వస్తుంది, పచ్చని స్ఫటికం మీద పసుపు పొడి కనిపిస్తుంది. బీరువాలో చీకట్లో ఆరబెట్టాలి.

నూటనాలుగు

ఇక ఆ అమ్మాయి కాగితం. 5 గ్రాముల మైలుతుత్తం, సైద్ధాంతిక దిగుబడి 4.92 అని సరిగ్గా వేసింది. వచ్చిన బరువు 5.12. శాతం 104. వంద దాటిన దిగుబడి అంటే ఏ పదార్థమూ శూన్యంలోంచి పుట్టలేదు. తూచినదంతా మనం అనుకున్న పదార్థం కాదని దానర్థం. ముసురు రోజు, సముద్రపు గాలి, గదిలో గోడలే చెమర్చి ఉన్నాయి. ఆమె స్ఫటికాలను వడపోత కాగితం మీద పావుగంట ఉంచి తూచింది. వేలితో కదిపితే సూదులు ఒకదానికొకటి అంటుకుని ముద్దగా కదిలాయి. ఆల్కహాల్, నీరు ఇంకా అందులోనే ఉన్నాయి. పచ్చి ధాన్యం.

"ఇంట్లో పచ్చి ధాన్యం తూచి బస్తాలు చెబుతారా అమ్మా?" అని అడిగాను. ఒక్క క్షణం ఆగి, "ఆరబెట్టాలండి" అంది. ఆరబెట్టాలి, అయితే ధాన్యంలా ఎండలో కాదు, ఓవెన్‌లోనూ కాదు. ఈ సంశ్లిష్టంలో కష్టమంతా ఇక్కడే ఉంది. వేడి చేస్తే పోవలసిన తేమతో పాటు పోకూడని అమ్మోనియా కూడా పోతుంది. తేమ గాలిలో ఊరికే తెరిచి ఉంచినా కొద్దికొద్దిగా అమ్మోనియా వదులుతూ, ముదురు నీలం పైపైన లేత రంగుకు తిరుగుతుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే వాసన తెలుస్తుంది. అందుకే చల్లటి ఆల్కహాల్‌తో కడిగి, వడపోత కాగితాల మధ్య నొక్కి, తేమ పీల్చే మూత పాత్ర అయిన డెసికేటర్‌లో ఉంచి, గంట తేడాతో రెండుసార్లు తూచాలి. రెండు తూకాలూ ఒకటైతే అప్పుడు రాయాలి. నీటితో కడగకూడదని కూడా చెప్పాలి. 100 మిల్లీలీటర్ల నీటిలో ఇది 18 గ్రాముల దాకా కరుగుతుంది. శుభ్రం చేద్దామని 5 మిల్లీలీటర్ల నీరు పోస్తే దాదాపు గ్రాము నీలం కిందకు పోతుంది. ఐదు గ్రాముల పనిలో అది అయిదో వంతు.

ఆ రోజు ఆమెకు డెసికేటర్‌లో ఉంచే సమయం లేదు. బస్సు వేళ. తడి సరుకుతోనే నిజమైన దిగుబడి తెలుసుకునే దారి ఒకటుంది: రాగిని లెక్కపెట్టడం. స్ఫటికాల నుంచి కొద్దిగా తూచి తీసుకుని, ఆమ్లంలో కరిగించి, పొటాషియం అయోడైడ్ వేసి, విడుదలైన అయోడిన్‌ను థయోసల్ఫేట్‌తో అంశమాపనం (టైట్రేషన్) చేయాలి. బీఎస్సీ పిల్లలందరికీ తెలిసిన ప్రయోగమే. స్వచ్ఛమైన పదార్థంలో రాగి 63.55 భాగించు 245.75, అంటే 25.86 శాతం ఉండాలి. ఆమె నమూనాలో 22.0 శాతమే వచ్చింది. అంటే వాచ్‌గ్లాస్‌లో ఉన్న 5.12 గ్రాముల్లో రాగి 1.126 గ్రాములు. మొదట వేసిన 5 గ్రాముల మైలుతుత్తంలో రాగి 1.272 గ్రాములు. భాగిస్తే 88.5 శాతం. స్ఫటిక జలం ఎంత, తేమ ఎంత, ఆల్కహాల్ ఎంత అని తల బద్దలు కొట్టుకోలేదు. ఇటు ఎంత రాగి వేశాం, అటు ఎంత రాగి తేలింది, అంతే.

ఈ పద్ధతికీ హద్దు ఉంది, అది చెప్పకపోతే అన్యాయం. రాగి వచ్చిందని తెలుస్తుంది. ఆ రాగి అమ్మోనియాతో కలిసే ఉందా అన్నది తెలియదు. రాగి శాతం 25.86కంటే తగ్గితే సరుకు తడిగా ఉందని అర్థం చేసుకోవచ్చు. పెరిగితే అమ్మోనియా పోయిందని అనుమానించాలి, ఎందుకంటే మిగిలినదానిలో రాగి వంతు పెరుగుతుంది. కొంత తేమ చేరి, కొంత అమ్మోనియా పోతే రెండూ ఒకదాన్నొకటి కప్పేసుకుని సరైన అంకె కూడా రావచ్చు. ఆ అనుమానం తీరాలంటే అమ్మోనియాను కూడా విడిగా కొలవాలి. స్వచ్ఛమైన స్ఫటికంలో అది 27.7 శాతం. రెండూ కుదిరితే ఇక వాదన లేదు.

రంగును బట్టి కూడా కొలవవచ్చు. తెలిసిన గాఢతల రాగి ద్రావణాలకు అమ్మోనియా వేసి నీలం ముదురుదనాన్ని కలరీమీటర్‌లో చూసి గీత గీసుకుంటే, తెలియని ద్రావణం ఎక్కడ పడుతుందో చదవవచ్చు. ఈ మాట చెప్పేటప్పుడు డెల్టాలో పుట్టిన ఒకరిని తలుచుకుంటాను. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ప్రకటించిన పద్ధతి ఫాస్ఫరస్‌ను రంగుతో కొలిచేది. ఫాస్ఫేట్‌ను మోలిబ్డినంతో కట్టి, ఆ సంశ్లిష్టాన్ని క్షయకరణం చేసి, వచ్చిన నీలాన్ని కొలవడం. తూచడానికి వీల్లేనంత కొద్ది పదార్థాన్ని, శరీర ద్రవాల్లో కలిసిపోయి ఉన్నదాన్ని, ఆయన నీలం రంగులో పట్టుకున్నారు. మా పిల్లలు చేసే పని దాని ముందు చిన్నదే అయినా జాతి ఒకటే.

రికార్డు పుస్తకాల్లో 85, 88, 90 అంకెలు ఏటా ఎలా పుడుతున్నాయో నాకు తెలుసు. సీనియర్ల రికార్డు చూసి రాసేవారుంటారు. 60 వచ్చినా మార్కులు పోతాయని 86 చేసేవారుంటారు. ఒకచోట ప్రాక్టికల్ పరీక్షకు వెళ్లినప్పుడు పాతికమంది దిగుబడులూ 84కూ 87కూ మధ్యే ఉండడం చూశాను. అమ్మోనియా సీసా మాత్రం సగం ఘాటు పోయి ఉంది. తక్కువ దిగుబడి తప్పు కాదు. సరిగ్గా కట్టిన 60, ఎక్కడ పోయిందో రెండు వాక్యాల్లో రాసిన 60, నా దగ్గర ఎప్పుడూ పూర్తి మార్కులు తెచ్చుకుంది. మదర్ లిక్కర్ (స్ఫటికాలు దిగాక మిగిలిన ద్రావణం) ఇంకా ముదురు నీలంగా ఉంది, ఆల్కహాల్ తక్కువ పోశాను అని రాసిన పిల్లవాడికి ఆ ప్రయోగం వచ్చినట్టే.

ఆ అమ్మాయి మరుసటి వారం రికార్డు తెచ్చింది. దిగుబడి దగ్గర రెండు వరుసలు రాసింది. తడి బరువు మీద 104 శాతం, రాగి మీద 88.5 శాతం. మొదటి వరుస కొట్టేయలేదు. దాని పక్కన చిన్న అక్షరాలతో "ఆరలేదు" అని రాసి ఉంది. ఆ కింద సంతకం పెట్టాను.